తీర్పు రాయకుండా తీర్పు చెప్పించడం: రాజకీయ విమర్శా వ్యాసాల్లో మాటల నేర్పు గురించి

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. పత్రికల సంపాదకీయ పేజీలో రాసే వ్యాసకర్తలు ముఖ్యమంత్రులను, మంత్రులను, పార్టీ అధినేతలను విమర్శించేటప్పుడు ఎలాంటి మాటల నేర్పును వాడతారు? ఒకరి వ్యాసం గుచ్చుకుంటే మరొకరిది ఉత్త తిట్టుగా ఎందుకు మిగిలిపోతుంది? ఈ నేర్పంతా చివరికి పాఠకుణ్ణి మభ్యపెట్టడమే కాదా? నేను ఒక తెలుగు దినపత్రికలో చాలాకాలం ఎడిట్ పేజీ చూశాను. సొంతంగా రాసినవి తక్కువ, ఇతరులవి దిద్దినవి ఎక్కువ. కనుక వ్యాసాన్ని రాసేవాడి వైపు నుంచి కాక, దాన్ని అచ్చుకు పంపాలా వద్దా అని తేల్చాల్సిన వాడి వైపు నుంచి చెబుతాను.

సూటి సమాధానం ఇది: సమర్థుడైన వ్యాసకర్త నాయకుడి మీద తీర్పును తాను రాయడు, పాఠకుడి చేత చెప్పిస్తాడు. వ్యంగ్యం, పునరుక్తి, ప్రశ్న, పురాణ పోలిక, ఎత్తిపొడుపు అన్నీ ఆ ఒక్క పనికి ఉపయోగపడినంతవరకే వాటికి విలువ. నాయకుడు చేసిన, రుజువు చూపగలిగిన పని ఒకటి అడుగున లేకపోతే ఆ నేర్పు ఎంతటిదైనా రెండో పేరా దాటేసరికి తేలిపోతుంది. తిట్టుకూ విమర్శకూ తేడా మాట తీవ్రతలో లేదు. తిట్టు మనిషిని పట్టుకుంటుంది, విమర్శ పనిని పట్టుకుంటుంది.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. వరదలు వచ్చాయి, ముఖ్యమంత్రి విహంగ వీక్షణం చేసి వెళ్లారు. కొత్తగా రాసేవారు దాదాపు అందరూ ఇలా మొదలుపెడతారు: "ప్రజల కష్టాలు పట్టని ఈ అహంకారి ముఖ్యమంత్రి ఆకాశంలో విహరించి చేతులు దులుపుకున్నారు." ఈ వాక్యంలో కోపం ఉంది కాని సమాచారం లేదు. ఆయనను ఇష్టపడనివారు ఇది చదివి తల ఊపుతారు, ఇష్టపడేవారు పేజీ తిప్పేస్తారు, ఎటూ తేల్చుకోనివారికి తేల్చుకోవడానికి ఏమీ దొరకదు. ఇదే సంగతిని చేయి తిరిగినవారు ఇలా రాస్తారు: "సోమవారం ఉదయం ముఖ్యమంత్రి హెలికాప్టర్ ఆ ఊరి మీదుగా వెళ్లింది. ఆ ఊరికి తాగునీటి ట్యాంకరు గురువారం సాయంత్రం వచ్చింది." రెండు వాక్యాల్లోనూ విశేషణం లేదు, నింద లేదు. రెండు వాస్తవాలను పక్కపక్కన పెట్టడంలోనే నేర్పంతా ఉంది. 'అహంకారి' అన్న మాట పాఠకుడి నోట రావలసిందే గాని వ్యాసకర్త కలం నుంచి కాదు. నేను దిద్దిన వ్యాసాల్లో ఎర్ర గీత పడినవి ఎక్కువగా విశేషణాలే, అదీ వ్యాసకర్త మంచికే.

మన సంప్రదాయంలో ఈ విద్య కొత్తది కాదు. పొగడ్తలా వినిపిస్తూ నిందించడాన్ని, నిందలా వినిపిస్తూ పొగడడాన్ని మన ఆలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. దీనికి తెలుగులో నేను చూపగలిగిన గొప్ప నమూనా రాజకీయ వ్యాసం కాదు, కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం. కృష్ణా తీరంలోని శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును "చిత్ర చిత్ర ప్రభావ! దాక్షిణ్యభావ!" అని ప్రతి పద్యం చివరా కీర్తిస్తూనే, ఆ పద్యంలో స్వామిని నిలదీస్తాడు. "ఆలు నిర్వాహకురాలు భూదేవియై" అని మొదలయ్యే పద్యం చాలామందికి కంఠస్థం. దాని నిర్మాణం గమనించండి. భారమంతా మోసే భూదేవి భార్య కావడం వల్ల నీకు అఖిలభారకుడన్న పేరు వచ్చింది. లక్ష్మి భార్య కావడం వల్ల కోరినవి ఇచ్చేవాడన్న ఘనత వచ్చింది. సృష్టికర్త కొడుకు కావడం వల్ల పెద్ద కుటుంబీకుడన్న బలిమి వచ్చింది. గంగ కూతురు కావడం వల్ల పతితపావనుడవయ్యావు. భార్యలూ బిడ్డలూ తెచ్చిన ప్రఖ్యాతే గాని నువ్వు మొదటినుంచీ దామోదరుడివే అని చివర తేల్చేస్తాడు. అంటే తల్లి పొట్టకు తాడు బిగించి రోటికి కట్టేసిన పిల్లవాడివే అని.

ఇక్కడ కవి ఒక్క బిరుదును కూడా అబద్ధమనలేదు. ప్రతి బిరుదునూ ఒప్పుకుంటూనే దాని అసలు హక్కుదారుకు అప్పగించుకుంటూ పోయాడు. చివరికి దేవుడి చేతిలో ఏమీ మిగలలేదు. గత ప్రభుత్వం కట్టిన వంతెనకు రిబ్బను కత్తిరించి, కేంద్రం ఇచ్చిన నిధులకు తన బొమ్మ అంటించి, అధికారులు నడిపిన పథకానికి తన పేరు పెట్టుకునే నాయకుడి గురించి రాయాలనుకునేవారికి ఇంతకంటే మంచి సాంచా దొరకదు. ఆ ఘనతలు అబద్ధమని వాదించకండి. అవన్నీ నిజమేనని ఒప్పుకుని, ఒక్కొక్కటి ఎవరిదో తేదీతో సహా చెప్పండి.

అయితే వ్యాజస్తుతికి ఒక ప్రమాదం ఉంది. మా పేజీలో వచ్చిన ఒక వ్యంగ్య వ్యాసంలోని మొదటి పేరాను ఆ నాయకుడి అనుచరులు నిజమైన ప్రశంస అనుకుని పెద్ద ఫ్లెక్సీ మీద ముద్రించి కూడలిలో కట్టారు. ఆ రోజు మేమందరం నవ్వుకున్నాం గాని, ఇప్పుడు అదే సంగతి ఫోన్లలో రోజూ జరుగుతోంది. ఒక పేరాకు స్క్రీన్‌షాట్ తీసి పంపితే మిగతా వ్యాసం దానితో పాటు రాదు. కనుక వ్యంగ్య వ్యాసంలో ప్రతి పేరాలోనూ ఒక గుచ్చే వాస్తవం ఉండాలి. ఎత్తిపొడుపును చివరి పేరాకు దాచిపెట్టి అంతవరకూ పొగిడే పద్ధతి ఒకప్పుడు పనిచేసింది, ఇప్పుడు అంత నమ్మకంగా చెప్పలేను.

రాజకీయ నాయకుడి మీద వచ్చిన వ్యాసాల్లో నేను కొత్తవారికి ఎప్పుడూ చూపే ఉదాహరణ 1937 నవంబరు నాటిది. కలకత్తా నుంచి రామానంద చటర్జీ సంపాదకత్వంలో వెలువడే మోడరన్ రివ్యూ మాసపత్రికలో 'రాష్ట్రపతి' అన్న వ్యాసం చాణక్య అనే మారుపేరుతో వచ్చింది. ఆ రోజుల్లో కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి రాష్ట్రపతి అనేవారు. 1936లోనూ 1937లోనూ ఆ పదవిలో ఉన్న జవాహర్‌లాల్ నెహ్రూను వరుసగా మూడోసారి కూడా ఎన్నుకోవాలన్న మాట నడుస్తుండగా, అది తగదని వాదించిన వ్యాసమది. రాసినది నెహ్రూయేనని తర్వాత వెల్లడైంది. ఒక నాయకుడు తనను తానే ఎలా విమర్శించుకున్నాడన్న కుతూహలాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ విమర్శ కట్టుబడిని చూడండి.

వ్యాసం నిందతో మొదలు కాదు, ఒక దృశ్యంతో మొదలవుతుంది. జై కొడుతున్న జనం మధ్య నుంచి రాష్ట్రపతి వేగంగా నడిచి వెళుతుంటాడు. చేతులు జోడిస్తాడు, ముఖం మీద చిరునవ్వు వెలుగుతుంది, జనం పొంగిపోతారు, మరుక్షణం ఆ నవ్వు మాయమై ముఖం మళ్లీ కఠినంగా, విచారంగా మారుతుంది. ఇదంతా సహజమా, లేక ప్రజా జీవితంలో ఆరితేరిన మనిషి ఆలోచించి పన్నిన ఉపాయమా అని వ్యాసకర్త అప్పుడు అడుగుతాడు. బహుశా రెండూ కావచ్చు, ఏళ్ల అలవాటు స్వభావంగా మారి ఉండవచ్చు అని తానే జవాబిస్తాడు. ఈ 'రెండూ కావచ్చు' అన్న మాటను నేను ఎన్నిసార్లు చదివినా మెచ్చుకోకుండా ఉండలేను. నటన అని తేల్చేసి ఉంటే అభిమాని అక్కడే వ్యాసాన్ని మూసేసేవాడు. రెండూ కావచ్చు అనడంతో అతడు కూడా ఆలోచనలో పడ్డాడు.

ఆ తర్వాత వచ్చే పట్టు ఇంకా గట్టిది. ఈయన ఫాసిస్టు కాలేడు అని వ్యాసకర్త ముందే ఒప్పుకుంటాడు. ప్రత్యర్థి చెప్పబోయే సమర్థనను తానే చెప్పేశాడన్నమాట. అయినా నియంత కావడానికి కావలసిన సరంజామా అంతా ఈయనలో ఉందంటూ ఒక జాబితా ఇస్తాడు: అపారమైన జనాదరణ, పట్టుదల, శక్తి, గర్వం, నిర్వహణ సామర్థ్యం, కాఠిన్యం, ఇతరుల పట్ల అసహనం, బలహీనులూ చేతకానివారూ అంటే కొంత చులకన. జాబితాలో మొదట వచ్చేవన్నీ అభిమానులు రోజూ పొగిడే గుణాలే. చదువుతూ పోతే పొగడ్త ఎక్కడ ముగిసి హెచ్చరిక ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఒక చిన్న మలుపు చాలు, ఇలాంటి మనిషి నెమ్మదిగా నడిచే ప్రజాస్వామ్య వ్యవస్థను పక్కకు నెట్టేయగలడని అంటాడు. మధ్యలో అక్కడక్కడ మెరిసిన రోమన్ నియంత సీజర్ పోలిక, చివరికి వచ్చేసరికి మాకు సీజర్లు వద్దు అన్న ఒక్క మాటగా తేలుతుంది. ప్రతి పేరాలోనూ సీజర్‌ను తిప్పి ఉంటే అది అరిగిపోయేది.

దీని నుంచి నేర్చుకోవలసినది మారుపేరు కాదు. ప్రత్యర్థి బలాన్ని ముందు ఒప్పుకోవడం, ఆ బలంలోనే ప్రమాదాన్ని చూపడం, కోరేది ఏమిటో స్పష్టంగా చెప్పడం. ఆ వ్యాసం నెహ్రూను రాజకీయాల నుంచి తప్పుకోమనలేదు. మూడోసారి అధ్యక్షుణ్ణి చేయవద్దని మాత్రమే కోరింది. మన వ్యాసాల్లో చాలావాటికి ఈ చివరి గుణం ఉండదు. నాయకుణ్ణి వెయ్యి మాటలు అన్నాక ఆయన రేపు ఉదయం ఏం చేస్తే విమర్శ ఆగుతుందో వ్యాసకర్తకే తెలియకపోతే, అది ఉత్త విసుగు.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన పరికరం ఒకటి ఉంది, అది మర్యాద. మన క్రియాపదమే గౌరవాన్ని మోస్తుంది కనుక 'అన్నారు' నుంచి 'అన్నాడు'కు దిగడం దానంతట అదే ఒక విమర్శ. వార్తా పేజీలో బహువచనం వదలడానికి వీల్లేదు. వ్యాసంలో కొందరు ఏకవచనానికి దిగి అదే ధైర్యం అనుకుంటారు. నా అభిప్రాయంలో అది చవకబారు ధైర్యం. ఏకవచనం వాడిన క్షణంలో చర్చ పని మీద నుంచి మర్యాద మీదికి మళ్లుతుంది, నాయకుడి మనుషులకు కావలసిందీ అదే. దానికి బదులు మర్యాదను కాస్త ఎక్కువ చేసి చూడండి. 'ఏలినవారు', 'వారి దివ్య సముఖం', 'సెలవిచ్చారు' వంటి పాత దర్బారు మాటలు ఎన్నికైన ప్రతినిధికి తగిలిస్తే, ఆయన తనను రాజుననుకుంటున్నారన్న విమర్శ వేరే చెప్పనక్కరలేదు. కాని ఇదీ వ్యాసానికి ఒకటి రెండుసార్లే. ఆపైన హరికథ అవుతుంది.

ప్రశ్నల గురించి క్లుప్తంగా చెబుతాను. "ఇదేనా ప్రజాస్వామ్యం? ఇందుకేనా ఓట్లు వేసింది?" వంటివి ప్రశ్నలు కావు, ఊపిరి తీసుకోవడానికి వేసుకునే విరామాలు. జవాబుకు కావలసిన ఆధారాన్ని ముందు పేరాలో పాఠకుడికి ఇచ్చిన తర్వాతే ప్రశ్న అడగాలి. సామెతలకూ ఇదే వర్తిస్తుంది. పురాణ పాత్రల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి, ఎందుకంటే కొడుకు తప్పులు చూడని నేతను ధృతరాష్ట్రుడనగానే ఆయన వార్డు స్థాయి పక్షపాతానికి ఒక ఇతిహాసపు గాంభీర్యం వచ్చేస్తుంది. చిన్నతనాన్ని చిన్నతనంగా చూపడమే చాలాసార్లు పెద్ద దెబ్బ.

"అది నేను ఇక్కడ ప్రస్తావించను గాని" అంటూనే ప్రస్తావించే పద్ధతి ఒకటుంది. రోమన్ వక్త సిసిరో కాలం నుంచీ ఉన్న పాత ఎత్తు ఇది. వేదిక మీద పండుతుంది, అచ్చులో నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆధారం ఉంటే సూటిగా చెప్పవచ్చు. లేకపోతే ఆ వాక్యం పుకారుకు వేసిన ముసుగు మాత్రమే.

తీర్పు రాయకూడదన్న నా సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 1898 జనవరి 13న పారిస్‌లోని లోరోర్ పత్రికలో నవలాకారుడు ఎమిల్ జోలా ఫ్రాన్స్ అధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్‌ను సంబోధిస్తూ రాసిన బహిరంగ లేఖ అచ్చయింది. గూఢచర్యం నేరం మోపి శిక్షించిన యూదు సైనికాధికారి డ్రెఫస్ నిరపరాధి అన్నది దాని వాదం. చివరి భాగంలో 'నేను ఆరోపిస్తున్నాను' అన్న మాటతో వరుసగా ఒక్కో వాక్యం మొదలవుతుంది. చాలావాటిలో సైనికాధికారుల పేర్లు, వారు చేశారని ఆయన అంటున్న పని ఉంటాయి. ఇక్కడ తీర్పు పాఠకుడికి వదలలేదు, వ్యాసకర్తే ప్రకటించాడు. కారణం ఆ లేఖలోనే ఉంది: 1881 జులై 29 నాటి పత్రికా చట్టం కింద తన మీద పరువునష్టం కేసు పెట్టవచ్చని తనకు తెలుసని, ఆ ప్రమాదాన్ని కోరే తెచ్చుకుంటున్నానని జోలా రాశాడు. మూసేసిన వ్యవహారాన్ని కోర్టులో బహిరంగంగా తెరిపించడమే ఆయన ఉద్దేశం. ఏడాది జైలు, 3,000 ఫ్రాంకుల జరిమానా విధించారు, ఆయన ఇంగ్లండుకు వెళ్లిపోయాడు. డ్రెఫస్ నిర్దోషి అని తేలింది 1906లో. ఆ పునరుక్తికి బలం వచ్చింది లయ వల్ల కాదు, దాదాపు ప్రతి 'ఆరోపిస్తున్నాను' వెనుకా ఒక పేరూ ఒక పనీ ఉండడం వల్ల. నేటి వ్యాసకర్తలు ఆ లయను మాత్రం తీసుకుని, పేరునూ పనినీ వదిలేస్తుంటారు.

మన దగ్గరా అలాంటి మూల్యం చెల్లించినవారు ఉన్నారు. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో తిరునెల్వేలి కాల్పులను నిరసిస్తూ పరాయి పాలనను క్రూర వ్యాఘ్రమని సంబోధించిన రచన మీద గాడిచర్ల హరిసర్వోత్తమరావుపై రాజద్రోహం కేసు పెట్టారు, శిక్ష చివరికి మూడేళ్లయింది. పరాయి ప్రభుత్వాన్ని ఓటుతో దించే దారి లేనప్పుడు ఆ రూపకానికి ఉన్న అవసరం వేరు. ఎన్నికైన ముఖ్యమంత్రిని పులి అనడం కంటే ఆయన ఇచ్చిన జీవో నంబరు రాయడం ఎక్కువ నష్టం చేస్తుందని నా నమ్మకం. మాటే లేకుండా చేసిన విమర్శ కూడా ఒకటి చెప్పాలి. అత్యవసర పరిస్థితిలో సెన్సార్‌షిప్ వచ్చాక 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం ఉండాల్సిన చోటును ఖాళీగా వదిలింది. ఆ రోజు పాఠకులందరికీ సందర్భం తెలుసు కనుకే ఆ ఖాళీని చదవగలిగారు.

చట్టం సంగతి తెలియకుండా ఎవరూ ఈ పనికి దిగకూడదు. నేను న్యాయవాదిని కాను, పేజీ చూసేవాడికి తెలియాల్సినంత మేరకే చెబుతున్నాను. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద నేరం. 2024 జులై 1కి ముందు ఐపీసీ 499, 500 సెక్షన్లలో ఉండేది. చాలామంది వ్యంగ్య రచయితలకు తెలియని సంగతి ఏమిటంటే, వ్యంగ్యంగా చేసిన ఆరోపణ కూడా పరువునష్టం కావచ్చునని ఆ సెక్షన్‌లోని వివరణే చెబుతోంది. 'పొగిడాను కదా' అన్నది రక్షణ కాదు. మరోవైపు, ప్రభుత్వ పదవిలో ఉన్నవారు విధి నిర్వహణలో చేసిన పనుల మీద సద్భావంతో వెలిబుచ్చిన అభిప్రాయానికి అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. చట్టం దృష్టిలో సద్భావమంటే మంచి మనసు ఒక్కటే కాదు, తగిన జాగ్రత్త తీసుకుని ఉండాలి. తమిళ పత్రిక సంపాదకుడు రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు, అధికారిక విధులకు సంబంధించిన విమర్శపై ప్రభుత్వాధికారులు నష్టపరిహారం కోరే అవకాశాన్ని బాగా కుదించింది. కాని క్రిమినల్ పరువునష్టం రాజ్యాంగబద్ధమేనని 2016లో అదే కోర్టు తేల్చింది. ఇవన్నీ కలిపి చూస్తే చట్టం మిమ్మల్ని నెట్టేది మంచి వ్యాసం వైపే: పనిని పట్టుకోండి, ఆధారం సరిచూసుకోండి, కుటుంబాన్నీ శరీరాన్నీ కులాన్నీ వదిలేయండి. మహిళా నేతల కట్టూబొట్టూ గురించి రాసిన ఒక్క వాక్యాన్నీ నేను అచ్చుకు పంపలేదు. దానికి చట్టంతో పని లేదు, అది వాదం కాదు గనుక.

మభ్యపెట్టడం కాదా అన్న మీ సందేహానికి వస్తాను. కావచ్చు. నేను చూపిన ట్యాంకరు వాక్యాలతో కూడా అబద్ధం ఆడవచ్చు. ఆ ఊరికి దారి కొట్టుకుపోయినందువల్ల ట్యాంకరు ఆలస్యమైందని తెలిసీ ఆ సంగతి దాచి, రెండు వాస్తవాలను పక్కపక్కన పెడితే, ప్రతి మాటా నిజమైనా వ్యాసం అబద్ధమే. విశేషణాలతో నిండిన తిట్టు కంటే ఇది ప్రమాదకరం, ఎందుకంటే తీర్పు తానే ఇచ్చానని పాఠకుడు నమ్ముతాడు. అందుకే నా దగ్గరికి వచ్చిన వ్యాసకర్తలను ఒకటే అడిగేవాణ్ణి: ఆ నాయకుడి కార్యాలయం దీనికి ఇచ్చే అత్యుత్తమ జవాబు ఏమిటి, అది మీ వ్యాసంలో ఏ పేరాలో ఉంది? లేదంటే వ్యాసం వెనక్కి వెళ్లేది. కొందరు అలిగారు, మరో పత్రికకు ఇచ్చుకున్నారు. అక్కడ బాగానే అచ్చయ్యాయి కూడా.

మీరు రాయడం మొదలుపెడితే, అచ్చయిన మర్నాడు ఖండన వస్తుంది. నాలుగు రకాలుగా వస్తుంది: ఫోను, నోటీసు, అనుచరుల బూతులు, అరుదుగా సంతకంతో కూడిన జవాబు. మొదటిదాన్ని విని, ఏ వాక్యం తప్పో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. రెండోదాన్ని సంపాదకుడికీ న్యాయవాదికీ అప్పగించండి, సొంతంగా జవాబు రాయకండి. మూడోదాన్ని వదిలేయండి. నాలుగోది వస్తే పూర్తిగా, కత్తిరించకుండా, మీ వ్యాసం వచ్చిన చోటే వేయమని మీరే సంపాదకుణ్ణి కోరండి. కింద మీ ప్రత్యుత్తరం తగిలించాలనిపిస్తుంది, తగిలించకండి. అందులో మీ వాస్తవం తప్పని రుజువైతే సవరణ వేయాలి, లేకపోతే ఆ జవాబును అలాగే నిలబడనివ్వాలి. పాఠకులు రెండూ చదువుకుంటారు.